కాలవ వచ్చేలోపే బ్యాటరీ సంగతి

(గోదావరి డెల్టా రైతుల వేసవి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తరగతి అంటే గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, కాలవల పూడిక, ధాన్యం డబ్బులు, ఇవే మాట్లాడతామని అందరూ అనుకుంటారు. అవి మధ్యాహ్నం ఉన్నాయి. ఈ పూట మాత్రం ట్రాక్టరు బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. విప్పడం ఎలా, చార్జింగు పెట్టడం ఎలా, తిరిగి బిగించడం ఎలా, పాతది ఎవరికివ్వాలి. ఇదేం సంఘం పని అని కొందరు నవ్వొచ్చు. పెట్టుబడి తగ్గించుకోవడం కూడా సంఘం పనే. ఎరువుల ధర మన చేతిలో లేదు. డీజిలు ధర మన చేతిలో లేదు. కౌలు రేటు చాలామంది చేతిలో లేదు. బ్యాటరీ రెండేళ్ళు వస్తుందా, నాలుగేళ్ళు వస్తుందా అన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఇప్పుడే ఎందుకు?

దాళ్వా కోతలు అయిపోయాయి. కాలవలు కట్టేశారు. మళ్ళీ ధవళేశ్వరం దగ్గర తలుపులు ఎత్తి తూర్పు డెల్టాకి, మధ్య డెల్టాకి, పశ్చిమ డెల్టాకి నీళ్ళు వదిలేదాకా ట్రాక్టరు చావిట్లోనో చెట్టు కిందో ఉంటుంది. ఈ నెలన్నర, రెండు నెలల్లోనే బ్యాటరీ చెడిపోతుంది. పనిచేస్తూ చెడేదానికంటే ఊరికే కూర్చుని చెడేది ఎక్కువ.

నీళ్ళు వచ్చాక ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఒక్కసారిగా దమ్ముకి లేస్తుంది. ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లన్నీ రాత్రీ పగలూ తిరిగినా చాలవు. ఆ సమయంలో సెల్ఫ్ కొడితే 'టిక్' అని ఆగిపోతే, టౌనుకి మోసుకెళ్ళి, చార్జింగు షాపులో వరసలో పెట్టి, తెచ్చుకునేసరికి రెండు రోజులు పోతాయి. ట్రాక్టరు ఉన్న రైతుకి పోయేది రెండు రోజుల బాడుగ. ట్రాక్టరు లేని కౌలు రైతుకి పోయేది నీటి వంతు. శివారు భూములవాళ్ళకు వంతు తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో. ఆకుమడి ముదిరిపోతుంది, ఊడ్పులు వెనకబడతాయి, కోతలు తుపాను రోజుల్లో పడతాయి.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2022లో డెల్టాకి జూన్ 1నే నీళ్ళు వదిలారంటే, నవంబరు తుపాన్లలోపు సార్వా ఇంటికి చేరాలన్నదే కారణం. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ వచ్చినప్పుడు పనల మీద, కళ్ళాల్లో ఉన్న ధాన్యం ఎలా తడిసిందో చూశాం. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథాకి ఈనిక మీద ఉన్న చేలు పడిపోవడం చూశాం. జూన్‌లో పోయే రెండు రోజులకి వెల కట్టేది నవంబరులోనే.

లోపల ఏముంది?

ఈ సీసం బ్యాటరీ కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన 1859లో చేశాడు. అంటే మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడేళ్ళకి. అప్పట్నించీ సూత్రం మారలేదు. సీసం పలకలు, వాటి మధ్య నీళ్ళు కలిపిన గంధకామ్లం. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది రెండు వోల్టుల పైన ఇస్తుంది. మన ట్రాక్టర్లకు ఎక్కువగా 75 నుంచి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు వస్తాయి. ఆ అంకె బ్యాటరీ మీదే రాసి ఉంటుంది. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యేదైనా, ఇంకెక్కడ తయారయ్యేదైనా లోపల సరుకు ఇదే. విదేశాల్లో రైతులు పొలం గట్ల మీద తిరగడానికి వాడే నాలుగు చక్రాల ఏటీవీ బళ్ళలోనూ, మన మోటారు సైకిల్లోనూ చాలావరకు ఇదే ఉంటుంది. సైజు చిన్నది, అంతే.

కరెంటు వాడుకునేకొద్దీ పలకల మీద తెల్లటి పొర పడుతుంది. చార్జింగు పెడితే ఆ పొర కరిగిపోతుంది. వాడేసి, చార్జింగు పెట్టకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టిపడుతుంది. అప్పుడిక ఎంత చార్జింగు పెట్టినా కరగదు. 'బ్యాటరీ పట్టడం లేదు' అంటామే, అది ఇదే. ఏమీ వాడకపోయినా బ్యాటరీ తనంతట తనే కొంచెం కొంచెం దిగిపోతుంటుంది. ఎండ ఎక్కువైతే ఇంకా తొందరగా దిగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న బ్యాటరీ పరిస్థితి మీరే ఊహించుకోండి.

విప్పేటప్పుడు

ముందు ఇంజను ఆపాలి. న్యూట్రల్లో పెట్టి, బ్రేకు వేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. లైట్లు, పాటల డబ్బా అన్నీ ఆపాలి. చేతి ఉంగరం, వాచీ, కడియం, మెళ్ళో గొలుసు తీసి పక్కన పెట్టాలి. పానా, ఉంగరం కలిసి రెండు టెర్మినళ్ళకు తగిలితే ఉంగరం ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. మందు కొట్టేటప్పుడు వాడే కళ్ళద్దాలున్నా చాలు.

విప్పేముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎటు ఉందో, ఏ గుర్తు ఎక్కడుందో తర్వాత తగాదా ఉండదు.

ఇప్పుడు అసలు నియమం. బాడీ వైరు ముందు విప్పాలి. ఇప్పటి ట్రాక్టర్లలో బాడీకి బిగించేది నెగిటివ్ వైరు, మైనస్ గుర్తున్నది, ఎక్కువగా నల్లది. ఎందుకు ముందు అదే? ట్రాక్టరు ఇనుమంతా ఆ వైరుకి కలిసే ఉంటుంది. మీరు ముందు పాజిటివ్ విప్పుతూ ఉంటే, పానా జారి బోనెట్‌కో ఛాసిస్‌కో తగిలిందంటే బ్యాటరీ కరెంటంతా ఆ పానాలోంచి పోతుంది. పెద్ద నిప్పు లేస్తుంది. నెగిటివ్ ముందు తీసేస్తే ఆ తర్వాత పానా ట్రాక్టరు ఇనుముకి తగిలినా ఏమీ కాదు. చాలా పాత ట్రాక్టర్లలో పాజిటివ్‌నే బాడీకి బిగించినవి ఉన్నాయి. అందుకే రంగు చూసి కాదు, ఏ వైరు బాడీకి పోతోందో చూసి విప్పండి.

టెర్మినల్ రాకపోతే సుత్తితో కొట్టొద్దు, స్క్రూడ్రైవరు పెట్టి ఎగదన్నొద్దు. లోపల పలకల అతుకు విరిగిపోతుంది. బోల్టు పూర్తిగా వదులు చేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. చిలుం పట్టి బిగుసుకుపోతే వేణ్ణీళ్ళు పోస్తే వదులుతుంది.

తర్వాత బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు విప్పి, రెండు చేతులతో కిందినుంచి పట్టి నిటారుగా ఎత్తాలి. ఇరవై కిలోల బరువుంటుంది, పెద్దదైతే ఇంకా ఎక్కువ. నడుం పట్టుకునేవాళ్ళు ఇద్దరు కలిసి ఎత్తండి. పక్కకు వంచితే ఆసిడ్ కారుతుంది. మోటారు సైకిలు మీద ఒళ్ళో పెట్టుకుని టౌనుకి తీసుకెళ్ళడం మన ఊళ్ళలో మామూలు. గతుకుల్లో ఆసిడ్ తొడల మీద పడుతుంది. అది మానుకోవాలి.

శుభ్రం, నీళ్ళు

మూతలన్నీ గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్ళతో పైభాగం, టెర్మినళ్ళు కడగండి. పొంగు వస్తుంది. పొంగు ఆగిందంటే ఆసిడ్ విరిగిందన్నమాట. ఆ నీళ్ళు లోపలికి పోకూడదు, పోతే బ్యాటరీ పాడవుతుంది. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచి, టెర్మినళ్ళను గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్దండి. దమ్ములో ఎగిరిన బురద, దుమ్ము, ఆసిడ్ తడి కలిసి బ్యాటరీ నెత్తిన పొరలా పేరుకుంటే ఆ పొర మీదుగానే కరెంటు కారిపోతుంది.

మూతలున్న బ్యాటరీ అయితే ఒక్కొక్కటి విప్పి చూడండి. పలకలు మునిగి పైన ఒక సెంటీమీటరు దాకా నీరుండాలి. చార్జింగుకి ముందు పలకలు బయటపడి ఉంటే అవి మునిగేవరకే పోయండి. చార్జింగు అయ్యాక గుర్తు దాకా నింపండి. ముందే నిండా పోస్తే చార్జింగులో పొంగి బయటికి వస్తుంది.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. కాలవ నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. నరసాపురం, భీమవరం, అమలాపురం వైపు బోరు నీళ్ళలో ఉప్పెంతో మనకు తెలుసు. ఆ ఉప్పు పలకల్ని తినేస్తుంది. ఊళ్ళో ప్లాంటు క్యాను నీళ్ళు తాగడానికే. వాటిలోనూ ఉప్పు కొంత మిగిలే ఉంటుంది. ఇంకొకటి, బ్యాటరీ దిగిపోయిందని ఆసిడ్ పోసేవాళ్ళున్నారు. ఆవిరైపోయేది నీళ్ళే గానీ ఆసిడ్ కాదు. నీళ్ళకు బదులు ఆసిడ్ పోస్తే లోపల గాఢత పెరిగి పలకలు తొందరగా పోతాయి. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీని మాత్రం పొడిచి తెరవకండి.

చార్జింగు

ఎంత దిగిందో ముందు తెలియాలి. దానికి డిజిటల్ మల్టీమీటరు చాలు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఇంజను ఆపి నాలుగైదు గంటలయ్యాక కొలవాలి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు. 12.2 అయితే సగం. 12 అయితే పావు. 11.8 కన్నా తగ్గితే ఖాళీ. 10.5 దగ్గరే ఆగిపోయి, చార్జింగు పెట్టినా పైకి రాకపోతే ఆరు గదుల్లో ఒకటి పోయినట్టు లెక్క. అలాంటిదానికి చార్జింగు డబ్బులు దండగ.

మూతలున్నవాటికి హైడ్రోమీటరు పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నిండిన బ్యాటరీలో కంపెనీని బట్టి 1.240 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. 1.150 కన్నా తగ్గితే ఖాళీ. ఆరు గదులూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒక గది మిగతావాటికంటే 0.050 తక్కువ ఉంటే ఆ గది మీద అనుమానం పెట్టుకోండి.

చార్జింగు పెట్టే చోట గాలి ఆడాలి. వసారా మంచిది. వంటింట్లో, పడక గదిలో, గడ్డివాము పక్కన పెట్టకూడదు. చార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పేలితే ఆసిడ్ మొహాన పడుతుంది. కాబట్టి దగ్గర్లో బీడీ వద్దు, చుట్ట వద్దు, అగ్గిపుల్ల వెలిగించి నీళ్ళు చూడటం అసలే వద్దు. మూతలకున్న సన్న రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

చార్జరు స్విచ్ ఆపి ఉండగానే ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కి, నల్ల క్లిప్పు నెగిటివ్‌కి పెట్టాలి. ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత క్లిప్పులు. స్విచ్ ఆపకుండా క్లిప్పు లాగితే రవ్వ పుడుతుంది, అక్కడే వాయువు ఉంటుంది. ప్రమాదాలు ఎక్కువగా ఈ ఒక్క చోటే జరుగుతాయి.

ఎంత కరెంటు పెట్టాలి? బ్యాటరీ మీద రాసిన అంకెలో పదో వంతు. 80 ఆంపియర్ అవర్లదైతే 8 ఆంపియర్లు. పూర్తిగా దిగినదైతే పది పన్నెండు గంటలు పడుతుంది. నిదానంగా పెట్టినదే నిలుస్తుంది. షాపువాళ్ళు సీజన్లో గిరాకీ తట్టుకోలేక ఎక్కువ కరెంటుతో రెండు గంటల్లో ఇచ్చేస్తారు. అప్పటికి సెల్ఫ్ కొడుతుంది గానీ పలకలు వేడెక్కి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి, చల్లారాక తక్కువ కరెంటుతో మళ్ళీ పెట్టండి. మూడు గంటల పాటు గంటగంటకీ చూసినా హైడ్రోమీటరు అంకె మారకపోతే నిండినట్టే.

మోటారు సైకిలు బ్యాటరీని, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుని ట్రాక్టరు చార్జరుకి తగిలించొద్దు. స్ప్రేయర్లలో ఎక్కువగా ఉండేది 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. దానికి ట్రాక్టరు చార్జరు ఇచ్చే కరెంటు చాలా ఎక్కువ. దానితో వచ్చిన చార్జరే వాడాలి.

కరెంటు బిల్లు గురించి అడుగుతున్నారు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండటానికి ఒకటిన్నర యూనిట్లు, మహా అయితే రెండు యూనిట్లు. ఇంటి దగ్గర చార్జింగు పెట్టుకుంటే ఖర్చు అంతే.

తిరిగి బిగించేటప్పుడు

విప్పినదానికి ఎదురు వరస. ముందు పాజిటివ్, ఆఖరున బాడీ వైరు. టెర్మినళ్ళు బిగించాక పైన వేజలిన్ పల్చగా రాయండి. బిగించకముందు మధ్యలో రాయకండి. క్లాంపు గట్టిగా ఉండాలి. ఇనప చక్రాలతో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎంత అదురుతుందో డ్రైవర్లకు తెలుసు. క్లాంపు వదులుగా ఉంటే ఆ అదురుకి లోపల పలకలు రాలిపోతాయి.

ఇంజను స్టార్టు చేసి, కొంచెం రేసులో టెర్మినళ్ళ మధ్య కొలవండి. 13.8 నుంచి 14.4 వరకు ఉంటే ఆల్టర్నేటరు బాగానే పనిచేస్తోంది. 13 కూడా లేకపోతే బెల్టు వదులైందేమో చూడండి. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, నీళ్ళన్నీ మరిగిపోతాయి. ఇవి చూడకుండా కొత్త బ్యాటరీ కొంటే అదీ ఆరు నెలల్లో పోతుంది. ట్రాక్టరుకి కట్టిన పెద్ద పాటల డబ్బాలు, అదనపు లైట్లు ఎంత లాగుతున్నాయో కూడా లెక్కలో ఉంచుకోండి.

డ్రైవరు తమ్ముళ్ళకు ఒక మాట. సెల్ఫ్ అందుకోకపోతే కింద నిలబడి స్టార్టరు మోటారుకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి డైరెక్ట్ చేసే అలవాటు ఉంది. అది బ్యాటరీని బాగుచేయదు, ప్రాణం తీస్తుంది. క్లచ్చి తొక్కకుండా స్టార్టు కాకూడదని కంపెనీ పెట్టిన రక్షణ స్విచ్‌ని అది దాటేస్తుంది. బండి గేరులో ఉంటే స్టార్టయిన మరుక్షణం వెనక చక్రం మీ మీదికి వస్తుంది. ప్రపంచమంతటా ఇలా పోయిన రైతులు, కూలీలు ఉన్నారు. తొందరున్నా సరే, ఆ పని చేయమని ఓనరు చెప్పకూడదు, డ్రైవరు చేయకూడదు.

ఇంకో ట్రాక్టరు నుంచి కరెంటు తీసుకోవాలంటే, రెండూ ఒకదానికొకటి తగలకుండా నిలపండి. ఎర్ర వైరు పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి. నల్ల వైరు ఒక కొస మంచి బ్యాటరీ నెగిటివ్‌కి, రెండో కొస ఆగిపోయిన ట్రాక్టరు ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా పెట్టండి. రవ్వ పుట్టినా బ్యాటరీ మీద పుట్టదు.

ఆసిడ్ చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పోయండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి కనీసం పావుగంట మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి, తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. కంట్లో వంటసోడా, చనుబాలు, పసరు ఏవీ వేయొద్దు.

ఊరికే ఉన్న రోజుల్లో

ట్రాక్టరు నెలకు పైగా కదలదనుకుంటే బాడీ వైరు విప్పి ఉంచండి. లేదా బ్యాటరీ తీసి నీడ పట్టున పెట్టి, నెలకోసారి చార్జింగు పెట్టండి. సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందని పాతకాలం మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు. కింద చెక్క వేసుకుంటే గచ్చు పాడవకుండా ఉంటుంది, అంతవరకే. కోత మిషన్లు ఏడాదిలో చాలా నెలలు ఊరికే ఉంటాయి కాబట్టి వాళ్ళు ఇది మరీ పట్టించుకోవాలి.

ఎనిమిది వేల బ్యాటరీ అనుకుందాం. రెండేళ్ళకు పోతే ఏడాదికి నాలుగు వేలు. నాలుగేళ్ళు వస్తే రెండు వేలు. దమ్ములో ఆగిపోయిన రోజుల నష్టం ఇందులో కలపలేదు.

పాత బ్యాటరీ, పిల్లల ఆరోగ్యం

పాతది ఎవరికివ్వాలి అన్నది చిన్న విషయం కాదు. అందులో ఉన్నది సీసం, విషం. పగలగొట్టి ఆసిడ్ బోదెలో పారబోసి, సీసం పొయ్యి మీద కరిగించడం ఎక్కడ జరిగినా ఆ పొగ, ఆ బూడిద ముందు పట్టేది పిల్లల్ని. వల గుళ్ళ కోసం అయినా సరే, పెరట్లో బ్యాటరీ సీసం కరిగించకూడదు. ఆఫ్రికాలో సెనెగల్ దేశం రాజధాని డాకర్ పక్కన థియారోయ్ అనే పేటలో, పాత బ్యాటరీల సీసం మట్టి వల్ల 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. 2020లో యునిసెఫ్ ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని చెప్పింది. దానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా, పద్ధతి లేకుండా పాత బ్యాటరీలు కరిగించడాన్ని చూపించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, అది తిరిగి రాదు.

మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుదే. వాడినవాళ్ళు చెత్తలో కలపకుండా, సేకరించే అధికారం ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. కాబట్టి కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇచ్చి, దాని వెల కొత్తదాని ధరలో తగ్గించుకుని, బిల్లులో రాయించుకోండి.

బిల్లు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొన్న తేదీ, బ్యాటరీ నంబరు ఉన్న బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి ఫోనులో దాచుకోండి. వారంటీలో ఉండగా చెడినా, కాగితం లేదని తిప్పి పంపే దుకాణాలున్నాయి. కాగితం ఉన్నా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోను చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. మన సంఘం కార్యకర్తలు అర్జీ రాసిపెట్టాలి.

మనం అడగాల్సినవి

చెప్పుకున్న జాగ్రత్తలన్నీ మనం తీసుకోవాల్సినవి. ప్రభుత్వం చేయాల్సినవీ ఉన్నాయి.

ఒకటి, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద, ట్రాక్టరు టైర్ల మీద జీఎస్టీ 5 శాతం చేశారు. మంచిదే. బ్యాటరీ మీద 28 నుంచి 18కి తగ్గించి అక్కడే ఆపారు. ట్రాక్టరు పదిహేనేళ్ళకొకసారి కొంటాం, బ్యాటరీ మూడు నాలుగేళ్ళకొకసారి. పన్నుతో కలిపి ఎనిమిది వేలున్న బ్యాటరీలో దాదాపు 1,220 రూపాయలు పన్నే. 5 శాతం చేస్తే దాదాపు 880 రూపాయలు రైతుకి మిగులుతాయి. టైరు ట్రాక్టరు భాగమైతే బ్యాటరీ కాదా? ట్రాక్టరు బ్యాటరీ మీద పన్ను 5 శాతం చేయాలన్నది మన డిమాండు.

రెండు, రైతు సేవా కేంద్రాల్లో, సహకార సంఘాల్లో ఒక చార్జరు, ఒక మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, డిస్టిల్డ్ వాటర్ ఉంచాలి. లక్షల రూపాయల యంత్రాలను రాయితీ మీద ఇచ్చారు. వాటిని నిలబెట్టే ఈ చిన్న సామాను కూడా ఊళ్ళో ఉండాలి.

మూడు, పాత బ్యాటరీ తీసుకునే అధికారం ఎవరికుందో, ఏ ధర ఇస్తున్నారో మండలంలో బోర్డు మీద రాసి పెట్టాలి.

నాలుగు, కౌలు రైతు సంగతి. డెల్టాలో పొలం చేసేది ఎక్కువగా కౌలుదారులే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు ఇవ్వాల్సి ఉన్నా అందరికీ అందడం లేదు. కార్డు లేకపోతే యంత్రాల రాయితీ లేదు, అప్పు లేదు. ఊళ్ళో యంత్ర సేవా కేంద్రం ట్రాక్టరు బాడుగకి ముందు హక్కు చిన్న కౌలు రైతుకి ఉండాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పది ట్రాక్టర్లున్న ఊళ్ళో గ్రామ కమిటీ చందా వేసుకుని ఒక చార్జరు కొనొచ్చు. మీటరు చూడటం, నీళ్ళు పోయడం ఇద్దరు కుర్రవాళ్ళకు నేర్పొచ్చు. అందులో ఒకరు ఆడపిల్ల అయితే ఇంకా మంచిది, ఐటీఐలో చదివిన అమ్మాయిలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ట్రాక్టరు నంబరు, బ్యాటరీ కొన్న తేదీ, నెలనెలా వోల్టులు ఒక నోటు పుస్తకంలో రాయించండి. వచ్చే ఏడాది ఏ బ్యాటరీ ఎన్నాళ్ళు వచ్చిందో మన లెక్క మన దగ్గరే ఉంటుంది. పన్ను గురించి అడిగినప్పుడు ఆ పుస్తకమే మనకు సాక్ష్యం.

ఏరువాక పున్నమికి ఒకప్పుడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి కాడి కట్టేవాళ్ళం. ఇప్పుడు ట్రాక్టరుకే పసుపు కుంకుమ పెడుతున్నాం. ఈసారి బొట్టు పెట్టేముందు బోనెట్ ఎత్తి చూడండి. కాలవలో నీళ్ళు కనిపించిన రోజున మన ఊళ్ళో ఒక్క ట్రాక్టరు కూడా సెల్ఫ్ అందుకోక ఆగకూడదు. శివారు ఎకరాకి కూడా వంతు తప్పకూడదు.

మీటరు, హైడ్రోమీటరు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి. బయట మూడు బ్యాటరీలు పెట్టాం. రండి, ఒక్కొక్కరూ కొలిచి చూడండి.